కవితలు పంపవలసిన ఆఖరు తేదీ

మన బడి స్వర్ణోత్సవ కమిటీ మొదటి సమావేశంలోనే కవితల పోటీ పెట్టాలన్న మాట వచ్చింది. అందరూ సరే అన్నారు. నిబంధనలు ఎవరు రాస్తారు అన్నప్పుడు అందరి తలలూ నా వైపు తిరిగాయి. "నువ్వు ఇంజనీరువి కదా, ముప్పై ఏళ్ళు టెండర్ కాగితాలు రాశావు, నాలుగు రూల్సు రాయలేవా?" అన్నారు మా సీనియర్ అన్న ఒకాయన. రాయగలననే అనుకున్నాను. ఇంటికొచ్చి కాగితం తీసుకుని కూర్చుంటే మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది. "కవితలు ఫలానా తేదీలోగా" అని రాశాను. లోగా అంటే పంపాలా, అందాలా?

ఆ ఒక్క ప్రశ్న నన్ను 1984కి తీసుకుపోయింది. అక్కడి నుంచి ఇంకా వెనక్కి, ముషాయిరాల దాకా, గోలకొండ పత్రిక దాకా. నిబంధనలు రాయమంటే చరిత్ర రాసుకొచ్చావేమిటని కమిటీ వాళ్ళు నవ్వారు గానీ, సావనీరులో వేస్తామని మాట కూడా ఇచ్చారు. కనుక గురువులకు నమస్కారాలు, మిత్రులకు మనవి: ఇది నా పదో తరగతి సంగతితో మొదలవుతుంది.

1984 ఆగస్టు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఎన్టీఆర్‌ను ముఖ్యమంత్రి పదవి నుంచి దించారు. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న, మళ్ళీ ఆయనే వచ్చారు. ఆ మధ్య రోజుల్లో, వినాయక నిమజ్జనం ముందూ వెనకా, మన పాతబస్తీలో గొడవలు, కర్ఫ్యూ. సరిగ్గా ఆ రోజుల్లోనే మన బడి నోటీసు బోర్డు మీద సైక్లోస్టైల్ కాగితం ఒకటి అంటించి ఉంది. నగరంలో మూసీకి అవతల ఉన్న ఒక సంస్థ హైస్కూలు పిల్లలకు కవితల పోటీ పెట్టింది. అంశం "నా నగరం". తెలుగు సార్ మా చేత ఆ నిబంధనలు నోటుబుక్కుల్లో ఎక్కించారు. అందుకే నలభై ఏళ్ళయినా నాకు బాగానే గుర్తున్నాయి: కవిత స్వీయరచన కావాలి, ఇరవై పంక్తులకు మించరాదు, కవిత ఉన్న కాగితం మీద పేరు ఉండరాదు, ఒక కవరులో ఒక ఎంట్రీ మాత్రమే, ఆఖరు తేదీ సెప్టెంబరు 15, న్యాయనిర్ణేతలదే తుది నిర్ణయం.

చూడడానికి ఇంత తేలికైన కాగితం లేదు. కానీ మా క్లాసులో ముగ్గురం రాయడానికి కూర్చునే సరికి ప్రతి నిబంధనా రెండు ముక్కలైంది.

మొదట పంక్తుల గొడవ. మా క్లాసులో ఛందస్సు బాగా వచ్చిన అమ్మాయి ఒకామె ఉండేది (ఈ సంచిక ఆవిడా చదువుతుంది, కనుక జాగ్రత్తగా రాస్తున్నాను). ఆమె రెండు సీసపద్యాలు రాసింది. సీసానికి పాదాలు నాలుగు, కింద ఎత్తుగీతికి మరో నాలుగు. లెక్కన ఒక పద్యానికి ఎనిమిది పాదాలు, రెండింటికి పదహారు. ఇరవై లోపే. కానీ సీసపాదం పొడుగు కనుక దాన్ని ఎవరైనా రెండు వరుసలుగా విరిచే రాస్తారు. అలా రాస్తే పద్యానికి పన్నెండు వరుసలు, రెండింటికి ఇరవై నాలుగు. మరి పంక్తి అంటే పాదమా, వరుసా? సార్ కాసేపు ఆలోచించి, డ్రాయింగు పేపరు అడ్డంగా తిప్పి, ప్రతి పాదాన్నీ ఒకే పొడుగు వరుసలో రాయించారు. ఆమెకు రెండో బహుమతి వచ్చింది. నిబంధన రాసినవారి మనసులో ఉన్నది వచన కవిత అని, పద్యం వస్తుందని వాళ్ళు ఊహించలేదని నాకిప్పుడు అనిపిస్తుంది.

తర్వాత స్వీయరచన. నా కవితలో చార్మినార్ మీద ఒక పోలిక పెట్టాను. సార్ దాన్ని కొట్టేసి పైన రెండు మాటలు రాశారు. ఆ రెండు మాటలే ఆ కవితలో బాగున్నవి. అది నా స్వీయరచనేనా? ఆ వయసులో ఈ ప్రశ్న నాకు రాలేదు. ఇప్పుడొచ్చింది. దీనికి మన పాతబస్తీలోనే పాత సమాధానం ఉందని కూడా ఇప్పుడే తెలిసింది.

మూడోవాడు నా మిత్రుడు. మొగల్‌పుర వాడు, ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. వాళ్ళ నాన్నకు షాయరీ పిచ్చి. ముషాయిరా ఎక్కడున్నా కొడుకుని సైకిలు మీద ముందు కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేవాడు. వీడు తెలుగులోనే రాశాడు గానీ గజల్ నడకలో రాశాడు. దాశరథిగారి గాలిబ్ గీతాలు అచ్చయి అప్పటికే ఇరవై ఏళ్ళు దాటింది, సినారె తెలుగు గజళ్ళు కూడా వింటూనే ఉన్నాం. కాబట్టి అదేమీ వింత కాదు. మా ముగ్గురిలో వాడిదే మంచి కవిత. తెలుగు సారే ఆ మాట అన్నారు. కానీ చివరి షేర్‌లో, ఉర్దూలో మఖ్తా అంటారు, వాడు తన కలంపేరు పెట్టుకున్నాడు. తఖల్లుస్ లేకుండా గజల్ ముగిస్తే సంతకం లేని చెక్కులా ఉంటుందని వాళ్ళ నాన్న చెప్పాడట. (ఆ తఖల్లుస్ ఇక్కడ రాయను. రాస్తే మా బ్యాచ్‌లో అందరికీ తెలిసిపోతుంది.)

మరి కాగితం మీద పేరు ఉండరాదు కదా? కలంపేరు పేరు కిందికి వస్తుందా? పదిహేనేళ్ళ కుర్రాడి కలంపేరు మూసీ అవతల న్యాయనిర్ణేతకు ఎలా తెలుస్తుంది? తెలియనప్పుడు అది పేరెలా అవుతుంది? సార్ నవ్వి ఊరుకున్నారు. ఆ లెక్కన పద్యానికొకసారి తన పేరు చెప్పుకున్న వేమన ఆ పోటీకి పంపితే ఏమయ్యేది? పల్లవి మొదలుకొని ప్రతి కీర్తన చివరా ముద్ర వేసుకున్న వాగ్గేయకారులంతా ఏమయ్యేవారు? అందర్నీ తిరుగు టపాలో పంపేయాల్సిందే.

ఇక ఆఖరు తేదీ. దాని సంగతి చివర చెబుతాను.

నిబంధన ముందా, కవిత ముందా అంటే, చరిత్రలో చాలాచోట్ల పోటీయే ముందు. ఫ్రాన్స్ దక్షిణాన తులూజ్ అనే ఊళ్ళో 1323లో ఏడుగురు కవిత్వప్రియులు కలిసి కవులందరికీ ఒక ఆహ్వానం పంపారు. ఆ ఆహ్వానాన్ని కూడా పద్యంలోనే రాశారు. మే నెలలో రండి, బాగా పాడినవాడికి బంగారు వయొలెట్ పువ్వు ఇస్తాం అన్నారు. 1324 మేలో అర్నౌ విదాల్ అనే కవికి ఆ పువ్వు దక్కింది. పోటీ నడుస్తూ పోగా, దేన్ని మెచ్చాలి, దేన్ని తప్పు పట్టాలి అనే తగాదాలు వచ్చాయి కాబోలు, ఆ తర్వాత గిలెం మొలినియే అనే ఆయన చేత 'ప్రేమ చట్టాలు' అనే అర్థం వచ్చే పేరుతో పెద్ద లక్షణగ్రంథం రాయించారు. పేరు చూసి మోసపోకండి, అది వ్యాకరణం, ఛందస్సు. మా శాఖలోనూ ఇదే వరస. పని మొదలైన తర్వాతే స్పెసిఫికేషన్ల పుస్తకం లావెక్కుతుంది.

మన ముషాయిరాది దీనికి పూర్తిగా తలకిందులు. తరహీ ముషాయిరా అంటే ముందే ఒక మిస్రా, అంటే ఒక్క పాదం, ఇస్తారు. ఆ పాదంలోనే ఛందస్సు ఉంది, ప్రాస ఉంది, ప్రాస తర్వాత తిరిగి తిరిగి వచ్చే రదీఫ్ ఉంది. దానికి సరిపడేలా గజల్ అల్లుకుని రావాలి. నిబంధనల పత్రం అక్కర్లేదు, ఎన్ని పంక్తులన్న చర్చ లేదు. ఆ ఒక్క పాదమే మొత్తం షరతులు. ఇంజనీరుగా నాకు ఇది మహా ముచ్చటగా ఉంటుంది: ఇటుక ఎలా ఉండాలో పది పేజీలు రాయకుండా ఒక ఇటుక చేతిలో పెట్టి "ఇలాంటివి తీసుకురా" అన్నట్టు. మన సమస్యాపూరణమూ దీని తోబుట్టువే. కాకపోతే తెలుగువాడు ఇచ్చే పాదంలో కొంచెం కొంటెతనం ఎక్కువ. అర్థం పొసగని పాదం ఇచ్చి, పైన మూడు పాదాలు పేర్చి దాన్ని పొసిగించమంటాడు. అవధానంలో నిషిద్ధాక్షరి చెప్పే పృచ్ఛకుడైతే ఒక్కో అక్షరానికీ అప్పటికప్పుడే కొత్త నిబంధన పెడతాడు. అంత కఠినమైన షరతు ఇంకెక్కడా లేదు, అయినా దానిలో అయోమయమూ లేదు. ఏ అక్షరం వద్దన్నాడో అందరికీ వినిపిస్తుంది.

శాలిబండలో మహారాజా కిషన్ పర్షాద్ దేవిడీ ఉన్నచోటు మనలో చాలామంది రోజూ బడికి వచ్చే దారే. నిజాం ప్రధానమంత్రిగా చేసిన ఆయన 'షాద్' అనే తఖల్లుస్‌తో ఉర్దూలో, ఫారసీలో రాశారు. ముషాయిరాలకు పేరుపడ్డ ఇల్లు అది. ముషాయిరాలో షమా, అంటే దీపం, ఎవరి ముందుకు వస్తే వారు చదవాలి. చిన్నవాళ్ళు ముందు, ఉస్తాదులు చివర. ఎవరి ముందు దీపం పెట్టాలి అన్న దగ్గర మాత్రం అలకలు, పోటీలు ఉండేవని పెద్దలు చెప్పుకునేవారు. పాటించాల్సిన షరతు పాదంలో స్పష్టంగా ఉన్నా, మనుషుల వరస దగ్గరికొచ్చేసరికి చిక్కు తప్పలేదన్నమాట.

స్వీయరచన సంగతి అన్నాను కదా. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు కవిత్వంలో ఉస్తాద్‌గా ఉన్న దాగ్ దెహల్వీ హైదరాబాదులోనే కన్నుమూశారు, నాంపల్లి యూసుఫైన్ దర్గాలో ఆయన సమాధి ఉంది. ఆయనకు దేశమంతా శిష్యులు. ఉత్తరాల్లో గజళ్ళు పంపితే దిద్ది తిప్పి పంపేవారు. చదువుకుంటున్న కుర్ర ఇక్బాల్ కూడా అలా టపాలో దిద్దించుకున్నవాడే. ఆ దిద్దుబాటును ఇస్లాహ్ అంటారు. అందులో దాపరికం ఏమీ లేదు, నేను ఫలానా వారి షాగిర్దును అని చెప్పుకోవడమే గౌరవం. ఈనాటి పోటీ కాగితాల్లో "ఇది పూర్తిగా నా స్వంత రచన, ఎవరి సహాయమూ లేదు" అనే హామీపత్రం మీద ఇక్బాల్ సంతకం పెట్టగలిగేవాడా? మా తెలుగు సార్ నా చార్మినార్ మీద రాసిన రెండు మాటలు ఆ లెక్కన దొంగతనం కాదు, ఇస్లాహ్. ఇది తెలిశాక నాకు కొంత ఊరట కలిగింది.

ఇప్పుడు అసలు చెప్పదలచుకున్న సంగతికి వస్తాను. ఇంతవరకు చెప్పినవన్నీ లోపలికి వచ్చిన తర్వాత పాటించాల్సిన నిబంధనలు. అసలు లోపలికి ఎవరు రావచ్చు అనేది ఇంకో సంగతి. ఆ గడప చాలాకాలం తెలుగువాడికే ఎత్తుగా ఉండేది.

1921 నవంబరులో వివేకవర్ధని థియేటర్లో నిజాం రాష్ట్ర సంఘ సంస్కరణ సభ జరిగింది. మన నయాపూల్ దాటి కాస్త వెళితే వచ్చే చోటే. అధ్యక్షులు మహర్షి కార్వే. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలు సాఫీగా సాగాయి. అల్లంపల్లి వెంకటరామారావు అనే న్యాయవాది లేచి తెలుగులో మాట్లాడబోతే సభలో గోల చేసి, చప్పట్లు కొట్టి ఆపేశారు. తెలుగులో మాట్లాడరాదని ఏ కాగితంలోనూ రాసిలేదు. రాయని నిబంధనే అన్నింటికంటే గట్టిది. ఆ రాత్రే కొందరు తెలుగువాళ్ళు కలిసి కూర్చుని ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. నిజాం రాష్ట్రంలో తెలుగు ఉద్యమానికి అదే మొదలని చరిత్రకారులు చెబుతారు.

ఆ తర్వాత అయిదేళ్ళకు, 1926 మే 10న, సురవరం ప్రతాపరెడ్డి గారు గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. వారానికి రెండుసార్లు వచ్చేది. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకు అధ్యక్షులూ ఆయనే. అలాంటి పత్రికలో ముడుంబ వెంకట రాఘవాచార్యులు అనే పండితుడు, నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యం అని అర్థం వచ్చేలా రాశారు. మన భాషలో పూజ్యం అంటే పూజించదగినదీ అవుతుంది, సున్నా కూడా అవుతుంది. ఆయన అన్నది సున్నా అనే.

ఇంకో సంపాదకుడైతే ఖండిస్తూ నాలుగు సంపాదకీయాలు రాసి ఊరుకునేవాడు. ప్రతాపరెడ్డి గారు లెక్క తీశారు. నిజాం రాష్ట్రంలోని కవులు తమ పద్యాలు, వివరాలు పంపండని పత్రిక ద్వారా కోరారు. గడువు పెట్టి బహుమతి ఇచ్చే పోటీ కాదది, మొదటిది రెండోది అని నిర్ణయించే న్యాయనిర్ణేతలు లేరు. ఉన్నామని చెప్పుకోవడమే అక్కడ కావలసింది. 1934లో 'గోలకొండ కవుల సంచిక' వెలువడింది. అందులో 354 మంది కవులు. జిల్లాజిల్లా నుంచి, పేరు విన్నవాళ్ళు, విననివాళ్ళు, పండితులు, కొత్తగా రాస్తున్నవాళ్ళు. సున్నా అన్నచోట 354.

ఈ సంచికను నేను ఉద్యోగంలో చేరిన తర్వాత సుల్తాన్‌బజారు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయంలో చూశాను. 1901లో పుట్టిన ఆ గ్రంథాలయం గురించి మన సార్లు క్లాసులో చెప్పేవారే గానీ, ఆ మెట్లెక్కింది మాత్రం ఇల్లు కట్టుకుని, పిల్లల్ని బడిలో వేసిన తర్వాతే. పేజీలు తిప్పుతుంటే నాకు కవిత్వం కంటే ఊళ్ళ పేర్లే ఎక్కువ పట్టాయి. రోడ్డు పనుల మీద నేను తిరిగిన ఊళ్ళు ఎన్నో అందులో కనిపించాయి. ఆ ఊళ్ళలో కవి ఉన్నాడని నాకు తెలియదు. ఇందులో అన్నీ గొప్ప పద్యాలేనా అంటే కాదు. సాహిత్యం తెలిసినవారు ఆ మాట మొహమాటం లేకుండానే చెబుతారు. వడపోత గట్టిగా పెట్టి ఏ యాభై మందినో ఏరి వేసి ఉంటే పుస్తకం చదవడానికి ఇంకా బాగుండేది. కానీ రాఘవాచార్యుల గారికి అది జవాబయ్యేది కాదు. యాభై మందేనా అని మళ్ళీ అనేవారు.

పోటీకీ లెక్కకూ ఉన్న తేడా నాకు అక్కడ తెలిసింది. పోటీలో నిబంధన పని వద్దనడం. వెయ్యి కవితలు వస్తే తొమ్మిది వందలను చదవకుండా పక్కన పెట్టడానికి కారణం కావాలి. పంక్తి ఎక్కువైంది, పేరుంది, తేదీ దాటింది. ప్రతాపరెడ్డి గారికి కావలసింది రమ్మనడం, అందుకే ఆయన షరతు నిజాం రాష్ట్రం వాడై ఉండడం, పద్యం రాయడం. పోటీలు పెట్టేవాళ్ళు ఈ రెంటిలో తమకు ఏది కావాలో తేల్చుకోకుండా కాగితం రాయడం వల్లే సగం అయోమయం వస్తుందని నా నమ్మకం. "ఔత్సాహిక కవులను ప్రోత్సహించుటకు" అని పైన రాస్తారు, కింద పదకొండు రకాల అనర్హతలు రాస్తారు.

తర్వాతి కాలంలో గడప మీది మాట మారుతూ వచ్చింది. కుందుర్తి ఆంజనేయులు గారు హైదరాబాదులో ఫ్రీవర్స్ ఫ్రంట్ పెట్టి వచన కవితకే బహుమతి అన్నారు. పద్యానికి తలుపు మూశారని కోప్పడినవారు ఉన్నారు, కానీ ఆ నిబంధనలో తికమక లేదు. ఏది కావాలో పేరులోనే చెప్పారు. తికమక ఎక్కడంటే ఉత్త "కవిత" అని రాసి, సీసం వస్తే తెల్లబోయే చోట.

జపాన్ చక్రవర్తి కొత్త సంవత్సరం కవితా సభ గురించి చదివినప్పుడు ఈ విషయం ఇంకా తేటపడింది. 1874 నుంచి అక్కడ మామూలు జనం కూడా కవితలు పంపవచ్చు. ఏటా ఒక మాట ఇస్తారు, ఆ మాట కవితలో ఉండి తీరాలి. మనిషికి ఒకటే కవిత. కుంచెతో, చేతిరాతతో రాయాలి. ఇంతకుముందు అచ్చయింది పనికిరాదు. కఠినమే. కానీ వైకల్యం వల్ల కుంచె పట్టలేనివారు యంత్రం మీద రాయవచ్చు, చూపు లేనివారు బ్రెయిలీలో పంపవచ్చు అని కూడా ఆ కాగితంలోనే ఉంటుంది. వేల మంది పంపుతారు. షరతు పెట్టినవాడు, దాన్ని పాటించలేనివాడెవడో కూడా ముందే ఆలోచించాడు. నేను చూసిన టెండర్ కాగితాల్లో ఈ గుణం బహు అరుదు, నేను రాసినవాటిలోనూ అంతే.

టెండర్లంటే గుర్తొచ్చింది. పేరు లేకుండా కవిత పంపమనే నిబంధనకు మా దగ్గర మంచి పరిష్కారం ఉంది, రెండు కవర్ల పద్ధతి. ఒకదానిలో అర్హత పత్రాలు, ఇంకోదానిలో ధర. ఒకటి తేలే దాకా రెండోది విప్పరు. కవితకూ అంతే: ఒక కవరులో కవిత, ఇంకో సీలు కవరులో పేరు, చిరునామా, రెంటి మీదా ఒకే అంకె. కవితలోపల తఖల్లుస్ ఉంటే ఉండనీ. మా దగ్గర ప్రీబిడ్ సమావేశం అని ఇంకోటి ఉంది. టెండర్ వేసేముందు కాంట్రాక్టర్లంతా వచ్చి "ఈ నిబంధనకు అర్థం ఏమిటి" అని అడుగుతారు, జవాబులు అందరికీ రాతపూర్వకంగా పంపుతాం. కవితల పోటీల్లో ఇది ఎక్కడా చూడలేదు. "న్యాయనిర్ణేతలదే తుది నిర్ణయం" అన్న వాక్యం మాత్రం మా "కారణం చూపకుండా టెండరును తిరస్కరించే హక్కు శాఖకు ఉన్నది" అన్న వాక్యానికి సాక్షాత్తు కవల.

ఇక తేదీ. ఉత్తరం పోస్టు చేసిన రోజా, అందిన రోజా అనే తగాదాకు రెండు వందల ఏళ్ళు దాటాయి. 1817 సెప్టెంబరులో ఇంగ్లండులో లిండ్సెల్ అనే ఉన్ని వ్యాపారులు ఆడమ్స్ అనే వాళ్ళకు ఉన్ని అమ్ముతామని, టపాలో జవాబివ్వమని ఉత్తరం రాశారు. చిరునామా తప్పు రాయడం వల్ల అది ఆలస్యంగా చేరింది. ఆడమ్స్ వాళ్ళు అందిన రోజు సాయంత్రమే ఒప్పుకుంటూ జవాబు టపాలో వేశారు. అది చేరేలోపే ఇవతలివాళ్ళు విసిగి ఉన్నిని ఇంకొకరికి అమ్మేశారు. 1818లో కోర్టు, జవాబు టపాలో వేసిన క్షణానే ఒప్పందం కుదిరింది అని తీర్పిచ్చింది. మన 1872 కాంట్రాక్టు చట్టం నాలుగో సెక్షన్లోనూ ఈ ఆలోచనే ఉంది: ఒప్పుకోలు పంపినవాడి చేయి దాటితే చాలు, అవతలివాడు దానికి కట్టుబడాల్సిందే. టెండర్ల దగ్గరికొచ్చేసరికి మా శాఖలు తెలివిగా "తపాలా జాప్యానికి శాఖ బాధ్యత వహించదు" అని విడిగా రాసుకుంటాయి. అది న్యాయమో కాదో గానీ, కనీసం రాస్తాయి. మా 1984 కాగితంలో రెండూ లేవు. ఉత్త "ఆఖరు తేదీ సెప్టెంబరు 15".

ఆ వారం కర్ఫ్యూ. పగలు రెండు మూడు గంటలు సడలించినప్పుడు జనం పాలకూ కూరగాయలకూ పరుగెత్తేవారు. పోస్టాఫీసు మాట ఎవరికీ పట్టలేదు, మా గల్లీ చివర ఎర్ర డబ్బాలో వేసినవి ఎవరైనా తీస్తున్నారో లేదో తెలియదు. 13వ తేదీనో 14వ తేదీనో సడలింపు వేళలో చిక్కడపల్లిలో ఉండే మా మేనమామ స్కూటర్ మీద మమ్మల్ని చూడ్డానికి వచ్చాడు. నా కవరు ఆయన చేతికిచ్చాను, వెళుతూ ఆ సంస్థలో ఇచ్చేయమని. ఆయన టీ తాగుతుండగా మా మిత్రుడు గోడవార నడుచుకుంటూ వచ్చాడు. చేతిలో మడతపెట్టిన కాగితం. "కవరు దొరకలేదు యార్, దుకాణాలన్నీ బంద్. నీ కవర్లో నాది కూడా పెట్టు" అన్నాడు.

నేను ఒక కవరులో ఒక ఎంట్రీయే అన్నాను. రెండు పెడితే రెండూ పోతాయి అన్నాను. నిబంధన అది అన్నాను. వాడు ఒక్క నిమిషం నిలబడి "సరేలే" అని వెళ్ళిపోయాడు.

నిబంధన అదే, అబద్ధమేమీ చెప్పలేదు. కానీ కవర్లు నేను రెండు కొన్నాను. మొదటిదాని మీద చిరునామా తప్పు రాస్తే పనికొస్తుందని. తప్పు రాయలేదు. రెండోది నా సోషల్ పుస్తకంలోనే ఉంది. ఈ విషయం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. వాడు ఈ సంచిక చదువుతాడు.

కర్ఫ్యూ ఎత్తేశాక వాడు పోస్టు చేశాడు. నెలన్నర తర్వాత నాకు ప్రోత్సాహక బహుమతిగా ఒక పెన్ను, సర్టిఫికెట్ వచ్చాయి. వాడికి వాడి కవితే తిరిగి వచ్చింది, "నిబంధనలకు లోబడి లేనందున పరిశీలించబడలేదు" అనే చీటీతో. ఏ నిబంధన? తేదీ దాటిందనా, చివరి షేర్‌లో తఖల్లుస్ ఉందనా? చీటీలో లేదు. సార్ ఉత్తరం రాసి అడుగుదామన్నారు. అర్ధసంవత్సరం పరీక్షలొచ్చాయి. ఎవరూ అడగలేదు. వాడు తెలుగులో మళ్ళీ రాయలేదు. డిగ్రీ అయ్యాక జిద్దా వెళ్ళాడు, అక్కడే ఒక కంపెనీలో లెక్కలు చూస్తున్నాడు. ఉర్దూలో రాస్తూనే ఉన్నాడు, సెలవుల్లో వచ్చినప్పుడు ఇక్కడి ముషాయిరాల్లో చదువుతాడు, ఇప్పుడు దీపం వాడి ముందుకు బాగా ఆలస్యంగానే వస్తుంది.

మన పోటీ ప్రకటన ఈ సంచికతోపాటే మీ చేతికి వస్తుంది. పద్యమైనా, వచనమైనా, గజలైనా సరే. పద్యానికి పాదాలే లెక్క, వరుసలు కావు. గురువులు, పెద్దలు దిద్ది ఉంటే వారి పేరు విడికవరులో రాయండి, అది అనర్హత కాదు. కవిత లోపల కలంపేరు ఉండవచ్చు. టపాలో పంపితే ఆఖరు తేదీ నాటి తపాలా ముద్ర చాలు, బడి గేటు దగ్గర పెట్టెలో వేస్తే ఆ రోజు సాయంత్రం అయిదు గంటల వరకు. బందో, కర్ఫ్యూనో, వరదో వచ్చి టపా నిలిచిపోతే ఎన్ని రోజులు నిలిచిందో అన్ని రోజులు గడువు పెరుగుతుంది. దేన్నయినా పక్కన పెడితే ఏ నిబంధన కింద పెట్టామో రాసి పంపుతాం. అర్థం కాని చోట ముందే అడగడానికి ఒక ఆదివారం కూర్చుంటాం. దీనికి ప్రీబిడ్ అని పేరు పెడదామంటే కమిటీ ఒప్పుకోలేదు.

ఇంకొకటి. బహుమతి వచ్చినవే కాదు, వచ్చిన ప్రతి కవితనూ రాసినవారి పేరు, బ్యాచ్, బస్తీతో సహా ఒక పుస్తకంగా కుట్టించి మన బడి గ్రంథాలయంలో పెట్టాలని అడిగాను. ఖర్చు మీద చర్చ జరిగింది. అచ్చు వేయించలేం, టైపు చేయించి బైండు చేయిస్తాం అన్నారు. చాలన్నాను. ఎంతమంది ఉన్నామో తెలుస్తుంది.

నిబంధనలు ఖాయమయ్యాక జిద్దాకు ఫోన్ చేసి అన్నీ చదివి వినిపించాను. "ఇంతకుముందు ఎక్కడా ప్రచురితం కానిదై ఉండాలి" అన్నచోట ఆపాడు.

"అయితే ఆ పాతది పంపొచ్చు కదా? ఎక్కడా అచ్చు కాలేదు."

"ఉందా నీ దగ్గర?"

"కాగితం లేదు. నోటికి ఉంది. ఇంకోటి కూడా రాశాను, తెలుగులోనే. రెండూ ఒకే కవర్లో పెట్టొచ్చా?"

పెట్టొచ్చు అన్నాను.